చీకటిగనిలో జవాబు దెబ్బ

పొగకొండ మీద ఇప్పుడు పొగ లేదు. ఒకప్పుడు దాని బిలాల నోళ్ల నుంచి పగలనక రేయనక పొగ సుళ్లు తిరిగేదనీ, ఆ పొగను దూరం నుంచి చూసి పొరుగు రాజులు మరకతపురి భాగ్యానికి కుళ్లుకునేవారనీ చెబుతారు. ఇప్పుడక్కడ మిగిలినవి తుమ్మముళ్లు, నల్లగా మాడిన రాళ్లగుట్టలు, వాటి మీద ఎండ కాచుకునే ఉడుములు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ కొండ చల్లారిన పెద్ద కుంపటిలా ఉంది. లోపల ఇంకా నిప్పు ఉందేమోనని భయపడి పక్షులు కూడా దాని మీద వాలవు.

ఆ కొండ మొదట్లో మరకతపురి రాకుమారుడు శరభాంకుడు నెత్తిన చెక్కమరిగె పెట్టుకుని, మోకాళ్ల దాకా బురద పూసుకుని, తిప్పక్క వెనకాల నడుస్తున్నాడు. తిప్పక్కది జలగడుగు కులం. వాగుల్లో ఇసుకను మరిగెలో కడిగి బంగారు రవ్వలు ఏరుకునే బతుకు. అలాంటివాళ్లు కొండ చుట్టూ తిరగడం మామూలే గనక మాంత్రికుడు ధూమాంబకుడి కావలివాళ్లు వాళ్లను పట్టించుకోరు. అందుకే రాకుమారుడికి ఈ వేషం.

వేషం బాగానే కుదిరింది. నోరే కుదరలేదు.

"ఎవడే వీడు? కొత్తగా ఉండాడే," అని ఒక కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"మా అన్న కొడుకు. నా మేనల్లుడు," అంది తిప్పక్క.

"ఏరా, మీ అత్త కూడు పెడతాదా లేదా? ఎండిపోయినట్టుండావు."

"పెడతారు," అన్నాడు శరభాంకుడు.

కావలివాడి కనుబొమలు పైకి లేచాయి. "పెడతారా? ఎవరు, పట్టపురాణిగారా?"

తిప్పక్క చటుక్కున తిరిగి రాకుమారుడి నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. మరకతపురి సింహాసనం పుట్టాక ఆ వంశంలో ఎవరి నెత్తీ ఎరగని మొట్టికాయ అది. "రాజవీధిలో పనికి పెట్టినాము నాయనా. కూడు పెట్టకపోయినా మర్యాదలు నేర్పించి తోలినారు. నిన్న మా కుక్కను గూడా 'మీరు' అనె."

కావలివాళ్లు పగలబడి నవ్వారు. బల్లెం తొలగింది. తుమ్మపొదలు దాటేదాకా ఇద్దరూ వెనక్కి చూడలేదు.

"నొప్పి పుట్టిందా అల్లుడా?"

"పుట్టింది అత్తా."

"అట్లా అను. గనిలో ఉన్నంతసేపూ నువ్వు రాజు కొడుకువి కాదు, నా అల్లుడివే. రాజు కొడుకు పేరు ఆ రాళ్లకు నచ్చదు."

గని పెద్దనోటికి అడ్డంగా ఇళ్లంత బండలు పేర్చి, సున్నం పోసి మూసేశారు. తిప్పక్క అటు పోలేదు. ఒక పక్కన గనిలో ఊరే నీళ్లు బయటికి పోవడానికి పూర్వం తవ్విన తూము ఉంది. దానికి అడ్డం పెరిగిన ముళ్లను నరికి ఇద్దరూ పొట్ట మీద పాకుతూ లోపలికి దూరారు. కాసేపటికి వెనకాల వెలుగు నాణెమంత అయింది, తర్వాత ఆవగింజంత అయింది, ఆ తర్వాత లేదు.

నిలబడే చోటు దొరకగానే తిప్పక్క చెకుముకి కొట్టి దివిటీ వెలిగించింది. ఒక చిన్న మట్టిప్రమిద కూడా వెలిగించి, దాన్ని ముందు నేల మీద పెట్టి చూసింది. ప్రమిద ఆరలేదు. "గాలి మంచిదే. అది ఆరిన చోట మనం గూడా ఆరిపోతాము," అని దాన్ని చేత పట్టుకుని నడిచింది.

శరభాంకుడు వెనకాలే నడిచాడు. అతని కళ్ల ముందు చెల్లెలు హేమలేఖ ఉంది. తనను పెళ్లాడనన్నందుకు ధూమాంబకుడు ఆమె పాదాల మీద బూడిద చల్లిపోయాడు. మర్నాటికి ఆ పాదాలు తెల్లటి పలుగురాయి అయ్యాయి. రాయి మోకాళ్లెక్కింది, నడుమెక్కింది, నిన్నటికి గుండె దాటింది. రాతిలో సన్నటి బంగారు గీతలు కూడా మెరుస్తున్నాయి. చూసిన దాసీలు భయపడి పారిపోయారు. రాయి గొంతులోకి ఎక్కితే మాట ఆగుతుందనీ, మాట ఆగితే ఇక ఏ మందూ పనిచేయదనీ మునులు చెప్పారు. మందు ఒక్కటే, ఈ గనిలోని తొలిముద్ద.

ఏ గనిలోనైనా మొట్టమొదట దొరికిన బంగారాన్ని గనివాళ్లు ఇంటికి తీసుకుపోరు. పుట్టమన్నుతో దాన్ని మళ్లీ రాతిలోనే అతికి, కొండది కొండకు వదిలేస్తారు. మనిషి చేయి తగిలినా మనిషి ఆశ తగలని బంగారం లోకంలో అదొక్కటే. దాన్ని ముట్టుకునే శక్తి ధూమాంబకుడికి కూడా లేదు. అందుకే బయట కావలి పెట్టాడు. లోపల కూడా ఏదో పెట్టాడని చెప్పుకుంటారు. అదేమిటో చూసి వచ్చి చెప్పినవాళ్లు లేరు.

దివిటీ వెలుగులో గని మెల్లగా తన ఒళ్లు చూపించింది. గోడలు ఆకులు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉన్న నల్లరాయి. అక్కడక్కడ ఆ నలుపులో పాచి పట్టినట్టు పచ్చదనం. ఆ పొరలను నిలువునా చీల్చుకుంటూ, మాంసంలో కొవ్వు గీతలా, తెల్లటి పలుగురాయి పట్టె ఒకటి పై నుంచి కిందికి దిగిపోయింది. గనివాళ్లు ఆ పట్టెనే వెంబడించి తవ్వుకుంటూ పోయారు. అది వంగిన చోట సొరంగం వంగింది, సన్నబడ్డ చోట సొరంగం మనిషి పక్కవాటుగా దూరేటంత అయింది.

"కొండ పుట్టినప్పుడు దానికి జ్వరం తగిలిందంట," అని తిప్పక్క గొంతు తగ్గించి చెప్పింది. "లోపల రాయి మరిగి చెమటలు పోసినాయి. ఆ చెమట పగుళ్లలోకి ఎక్కి చల్లారి గడ్డకట్టింది. అదే ఈ పలుగురాయి. చెమటతో బాటు వచ్చిన బంగారం ఇందులో చిక్కుకునింది. మా అవ్వ చెప్పేది."

"మా గురువు కూడా అదే చెప్పాడు. కాకపోతే ఆయన శ్లోకంలో చెప్పాడు."

"శ్లోకంలో అయితే జ్వరం తగ్గుతాదా?"

సొరంగం పైకప్పు అంతా మసి. గోడలు ఉలి తగిలినట్టు లేవు, గిన్నె లోపలి భాగంలా నున్నగా గుంటలు పడి ఉన్నాయి. రాతికి ఆనించి కట్టెలు పేర్చి మంటపెట్టి, రాయి ఎర్రగా కాలాక చన్నీళ్లు చల్లితే అది ఫెళ్లున పగిలేది. ఆ పగుళ్లలో గూటాలు దిగేసి పెళ్లగించేవారు. కొండ నోళ్ల నుంచి వచ్చిన పొగ ఆ మంటలదే.

"మరి ఎందుకు మూశారు? మా చరిత్రకారులు బంగారం అయిపోయిందని రాశారు."

తిప్పక్క ఆగింది. "రాసేవాళ్లు ఎవరి కూడు తిన్నారో వాళ్ల మాటే రాస్తారు. బంగారం అయిపోలేదు అల్లుడా. పైకప్పు నిలబడేదానికి మావాళ్లు అక్కడక్కడ రాతికంబాలు తవ్వకుండా వదిలేవాళ్లు. మంచి బంగారమంతా వాటిల్లోనే ఉండాది. మీ ముత్తాత అగ్నివర్మ వాటిని గూడా కొట్టమన్నాడు. కొట్టినారు. కొండ కూలి కూర్చునింది. లోపల చిక్కినోళ్లు బతికే ఉండారు, రాతిని కొడతాండారు. బయట వాళ్లు అది విని, అన్ని పనులూ మాని వాళ్లను తవ్వుతామన్నారు. మీ ముత్తాత అంతకాలం ఆగలేనన్నాడు. ఆ దెబ్బలు వినపడకుండా గని నోరు మూయించినాడు. మళ్లీ తెరిచేదానికి మావాళ్లు ఎవరూ పోలేదు."

దివిటీ చిటపటలాడింది. శరభాంకుడు తల దించుకున్నాడు.

"మా ఆడోళ్లు కొండకు చెవులానించి విన్నారు. లోపలివాళ్లు జంటగా కొడతారు. టక్ టక్. అది అడిగే దెబ్బ, ఎవరన్నా ఉండారా అని. బయట నుంచి ఒంటిదెబ్బ కొడితే ఉండామని జవాబు. వీళ్లు జవాబు చెప్తానే ఉండారు. లోపలివాళ్లు అడగడం మానేసిన నాడు మా అవ్వ చెయ్యి రాతి మీదే ఉండిందంట. అప్పటి నుంచి మా ఇండ్లలో ఒకటే కట్టడి. దెబ్బ వినబడితే జవాబు చెప్పకుండా ఉండకూడదు. పసిబిడ్డ పాలు తాగుతాండినా సరే."

ఇలా చెబుతూనే ఆమె మొలలో నుంచి చిన్న సుత్తి తీసింది. ముందున్నది ఒక ఇరుకు ద్వారం. గనివాళ్లు కొత్త గదిలోకి పోయే ముందు అడిగి పోవాలి. తిప్పక్క గోడను జంటగా కొట్టింది. టక్ టక్.

కొండ ఊపిరి బిగబట్టినట్టయింది. తూములో ఎక్కడో నీటిబొట్టు పడింది. ఆ తర్వాత చాలా లోతు నుంచి వచ్చింది.

టక్ టక్.

తిప్పక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె చేయి దానంతట అదే లేచి రాతి మీద ఒంటిదెబ్బ కొట్టింది. వెంటనే మళ్లీ వచ్చింది, ఈసారి దగ్గర నుంచి. ఒంటిదెబ్బ.

"అత్తా," అన్నాడు శరభాంకుడు. "నువ్వు జంట కొడితే జంట వచ్చింది. ఒంటి కొడితే ఒంటి వచ్చింది. మీవాళ్లయితే అడిగినదానికి జవాబు చెప్పాలి కదా. ఇది నీ దెబ్బను నీకే తిప్పి కొడుతోంది."

తిప్పక్క ముఖం బూడిద రంగుకు తిరిగింది. సుత్తి పట్టుకున్న చేతిని రెండో చేత్తో పట్టి కిందికి దించింది. "చచ్చినాము. మనం యాడుండామో దానికి నేనే చెప్పినాను."

కాళ్ల కింద నేల గరగరలాడింది. రాతిని ఎవరో లోపలి నుంచి గీరుతున్నారు. ఆ గీరుడు ముందుకు వస్తోంది, ఆగుతోంది, వింటోంది, మళ్లీ వస్తోంది.

ఇద్దరూ ద్వారంలో దూరి పరుగెత్తారు.

అవతల ఉన్నది కంబాల గది. ఆ చోటు అందం ఒక్క రెప్పపాటు ఆ భయాన్ని కూడా మరిపించింది. పాలరంగు పలుగురాతి కంబాలు చీకట్లో వరసలుగా నిలబడి ఉన్నాయి. దివిటీ కదిలినప్పుడల్లా వాటి ఒంటి మీద బంగారు నరాలు వెలిగి ఆరిపోతున్నాయి. పైకప్పు నుంచి కారిన సున్నపునీరు వాటి తలల మీద ముత్యాల కుచ్చుల్లా గడ్డకట్టింది. కానీ సగం కంబాలు నడుము దగ్గర కొరికి వదిలేసిన చెరుకుగడల్లా సన్నబడి ఉన్నాయి. కుడిపక్కన అసలు గదే లేదు, పైకప్పు దాకా కూలిన రాళ్లగుట్ట. ఆ గుట్ట కింద నుంచి ఒక తోలుచెప్పు బయటికి కనిపిస్తోంది. తిప్పక్క దాన్ని చూడకుండా ముఖం తిప్పుకుంది.

నడిమి కంబానికి ఎదురొమ్ము ఎత్తులో ఎర్రటి పుట్టమన్ను ముద్ద అతికి ఉంది. మన్ను మీద చాలామంది వేళ్ల గుర్తులు. శరభాంకుడు దాన్ని గీకాడు. లోపల నిమ్మకాయంత బంగారం, ఆకారం లేనిది, మెరుగు పెట్టనిది, మసక పసుపుగా వెలిగింది.

"ఆగు," అంది తిప్పక్క. ఆమె చేయి అడ్డం పెట్టింది. "ఊరికే తీయకూడదు. కొండకు ఏదన్నా పెట్టు. తిరిగి తెస్తానని చెప్పు."

శరభాంకుడు వేలి నుంచి రాజముద్రిక లాగి ఆ గుంటలో పెట్టాడు. "నా చెల్లెలు మాట్లాడిన రోజున నీది నీకు తెచ్చిస్తాను."

"రాజుల దగ్గర తాకట్టు పట్టిన కొండ ఇదొక్కటే," అని గొణిగి, తిప్పక్క మన్ను మూసింది.

ముద్దను అతను నడుముకు కట్టుకున్నాడో లేదో, గది మధ్యలో నేల పగిలింది. మొదట పొడవైన ముట్టె వచ్చింది, కళ్లు లేని ముఖం వచ్చింది, ఆ వెనకాల ఒళ్లంతా డాళ్లంత పొలుసులు కప్పుకున్న, పుట్టల్లో చీమలు తినే అలుగు, ఏనుగంతది, గోళ్లతో రాతిని గడ్డిలా చీల్చుకుంటూ పైకి లేచింది. ధూమాంబకుడు గనిలో పెంచిన అలుగుభూతం అదే. అది తోకతో నేలను కొట్టింది. టక్ టక్. తల వంచి వాళ్ల గుండెచప్పుడు వింది.

శరభాంకుడు కత్తి దూసి కొట్టాడు. పొలుసు మీద కత్తి రెండు ముక్కలయింది. భూతం తోక విసిరితే సన్నబడిన ఒక కంబం పిండిలా రాలిపోయింది. పైకప్పు మూలిగింది.

"ఇట్లా రా," అని తిప్పక్క ఎడమ సొరంగంలోకి దూకింది. ఆ సొరంగం ముందుకు పోయి రాతిగోడ దగ్గర ఆగిపోయింది. గోడకు ఆనించి నిలువెత్తున కట్టెలు పేర్చి ఉన్నాయి. కొండ కూలిన పూట గనివాళ్లు పేర్చి, అంటించకుండా వదిలిన కట్టెలు. తరాలుగా ఎండి ఎండి అవి దూదిలా తేలికైపోయాయి. పక్కనే చన్నీళ్లు నిండిన ఊటగుంట.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తిప్పక్క దివిటీని కట్టెల్లోకి విసిరింది. మంట భగ్గున పైకప్పును అంటింది. శరభాంకుడు మంటకు వీపు పెట్టి నిలబడ్డాడు. వీపు కాలుతోంది, ముందు నుంచి గీరుడు దగ్గరపడుతోంది. భూతం సొరంగం మలుపు తిరిగింది. అతను విరిగిన కత్తిపిడితో గోడను కొట్టాడు. టక్ టక్. భూతం ఆ చప్పుడు మీదికి బాణంలా దూకింది. చివరి క్షణాన అతను పక్కకు దొర్లాడు. అది నేరుగా మంటల కుప్పలోకి దూసుకుపోయింది.

దాని అరుపుకు రాళ్లు రాలాయి. అలుగులకు అలవాటైన పని అది కూడా చేసింది, భయంతో ఉండలా చుట్టుకుపోయింది. చుట్టుకున్నది నిప్పుల మధ్యనే. పొలుసులు నల్లబడి, ఎర్రబడి, కొలిమిలో ఇనుములా మెరిశాయి. కాసేపటికి ఆ ఎర్రటి ఉండ విప్పుకుంటూ మళ్లీ వాళ్ల వైపు తిరిగింది.

తిప్పక్క చెక్కమరిగెను ఊటగుంటలో ముంచి ఎత్తింది. బతుకంతా ఇసుకను కడిగిన మరిగె అది. మంచులాంటి ఆ నీళ్లను భూతం ముఖాన కొట్టింది. ఫెళ్లుమంది. మళ్లీ ముంచి కొట్టింది. గనివాళ్ల చేతిలో కొండ పగిలినట్టే పొలుసులు పగిలి ఎగిరిపడ్డాయి. శరభాంకుడు విరిగిన కత్తిని ఆ పగుల్లో పిడి దాకా దిగేశాడు. భూతం ఒక్క ఊపు ఊగి కూలింది.

పగిలింది భూతం ఒక్కటే కాదు. మంటకు కాలిన పైకప్పు, ఆ నీళ్ల ఆవిరి తగిలి బీటలు వారింది. పారిపోతూ ఇద్దరూ కంబాల గదిలోకి వచ్చి పడేసరికి, వాళ్లు వచ్చిన ద్వారమూ వెనకనున్న సొరంగమూ ఒక్కసారే కూలిపోయాయి. దుమ్ము అణిగాక చూస్తే దివిటీ లేదు. తిప్పక్క గది మొదట్లో దించిన ప్రమిద మాత్రం ఒక మూల బతికి ఉంది. దాని ఒత్తి నీలంగా వణుకుతోంది. తిప్పక్క కుడిచేయి రాయి తగిలి మణికట్టు దగ్గర విరిగి వేలాడుతోంది. రాళ్లతో బాటు దొర్లుకొచ్చిన భూతం తల ఒక్కటి బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఆ చచ్చిన నోరు తెరుచుకుంది.

"శరభాంకా," అంది అది. గొంతు ధూమాంబకుడిది, మెత్తగా, ఇంటికి వచ్చిన చుట్టంలా. "పొద్దున నీ చెల్లెలు మంచినీళ్లు అడగబోయింది. మాట సగమే వచ్చింది. ముద్ద తెచ్చి ఈ నోట్లో పెట్టు. కొండను చీల్చి నిన్ను బయట పడేస్తాను. ఆమె పక్కన కూర్చుని ఏడ్చేందుకైనా బతికి ఉంటావు."

శరభాంకుడు నడుముకు కట్టిన ముద్దను తడుముకున్నాడు. ప్రమిద ఇంకొంచెం కుంగింది.

"అత్తా, ఆ మంట పొగ చూడు. మనం వచ్చిన వైపు పోవడం లేదు. కుడివైపు రాళ్లగుట్టలోకి పీల్చుకుపోతోంది. అటు గాలి ఉంది."

"అటు ఉండేది మావాళ్లు అల్లుడా. మీ ముత్తాత మూసినోళ్లు." తిప్పక్క గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. "నా చెయ్యి లేవదు. అడగాలంటే నువ్వే అడగాల. ఎవరివని తిరిగి అడిగితే ఏం చెప్తావు?"

"ఉన్నదే చెబుతాను."

అతను ఆమె సుత్తి తీసుకుని రాళ్లగుట్ట దగ్గరకు పోయాడు. తోలుచెప్పు పక్కన మోకరిల్లాడు. జంటగా కొట్టాడు. టక్ టక్.

ఏమీ లేదు. ప్రమిద ఆరిపోయింది.

కటికచీకట్లో, గుట్ట అవతల నుంచి, నిదానంగా, బరువుగా, ఒకే ఒక్క దెబ్బ వచ్చింది.

తిప్పక్క నోటి నుంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. అది జవాబు దెబ్బ. తిప్పి కొట్టింది కాదు.

"ఏమిటది?" అంది భూతం నోరు. మాంత్రికుడి గొంతులో మెత్తదనం పోయింది. "శరభాంకా, ఆ చప్పుడు నాది కాదు. అక్కడ ఎవరున్నారు? దాని దగ్గరికి పోవద్దు."

రాళ్లు కదులుతున్నాయి. అవతల నుంచి ఒక్కొక్కటే పక్కకు తీసి పెడుతున్నారు, తొందర లేకుండా, పని తెలిసినవాళ్లలా. చల్లటి గాలి శరభాంకుడి ముఖానికి తగిలింది. దానితో బాటే రాతిపొడి వాసన, చెమట వాసన. ఆ కన్నంలో నుంచి ఏదో వచ్చి అతని మోకాలిని తాకింది. అతను చీకట్లోనే తడిమాడు. వేళ్లు. అరచేయి పైకి చాచి, కదలకుండా ఎదురుచూస్తున్న చేయి.

బంగారం అడుగుతోందో, అతన్ని అడుగుతోందో తెలియదు. వెనకాల మాంత్రికుడి గొంతు అరుస్తూనే ఉంది.

శరభాంకుడు ఎడమచేత్తో, పక్కకు పాకి వచ్చిన తిప్పక్క కొంగును గట్టిగా పట్టుకున్నాడు. చెల్లెలి సగం మాటను తలచుకున్నాడు. సుత్తి కింద పెట్టి, తన ఖాళీ కుడిచేతిని ఆ అరచేతిలో పెట్టాడు.

వేళ్లు బిగుసుకున్నాయి. తరాల కిందట రాళ్ల కింద పడి చచ్చినవాళ్ల చేయి మంచులా ఉంటుందనుకున్నాడు.

ఆ చేయి వెచ్చగా ఉంది.